ఆఖరి చుట్టు

యాభైతొమ్మిది ఇళ్ల పెరళ్లలో పీకిన కలుపంతా మోసుకొచ్చి అరవయ్యో ఇంటి పెరట్లో నాటుకునే మనిషిని ఏమనాలి? పిచ్చివాడనాలా, పెళ్లాం మాట జవదాటనివాడనాలా? ఫ్యాక్టరీ క్వార్టర్లలో జనం రెండూ అనేవారు. కోత మేస్త్రి రెంటికీ నవ్వి ఊరుకునేవాడు. నవ్వక ఏం చేస్తాడు! ఆ అరవై పెరళ్లలో గడ్డి కోయడం అతని ఉద్యోగం. అరవయ్యో ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చిన ఇల్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు, ఇల్లు ఉన్నన్నాళ్లే భార్య మోకాలికి కంపెనీ ఆసుపత్రి. ఒక్క పోగు లాగితే గుడ్డంతా ఊడిపోతుంది. అందుకని పందొమ్మిదేళ్లుగా ఆ మనిషి ఏ పోగూ లాగలేదు.

అతని భార్య ఒకప్పుడు క్వార్టర్ల పసిపిల్లల బడిలో ఆయా. తడి గచ్చు మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. రెండోది అయ్యాక కాలు వంగడం మానేసింది. వెనక గుమ్మం దాటితే మూడు మెట్లు, మూడు మెట్లు దిగితే పెరడు. ఆ మూడు మెట్లూ దిగి రెండేళ్లయింది. పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే సాయంత్రం అతను వచ్చేదాకా అక్కడే. ఆమె లోకం గడప దగ్గర మొదలై వెనక గోడ దగ్గర ఆగిపోయేది. ఎవరైనా "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, "ఎక్కడ పెట్టినదాన్ని అక్కడే ఉన్నా" అనేది.

మొదట గోడ పక్కన ఒక జిల్లేడు మొలిచింది. అతను పీకబోతే వద్దంది. వారం తిరిగేసరికి దాని ఆకుల మీద నలుపూ తెలుపూ పసుపూ చారల గొంగళిపురుగులు. ఇంకో పక్షానికి ఒక ఆకు కింద పచ్చటి గూడు వేలాడింది. అది చిట్లి నారింజరంగు రెక్కలు బయటికొచ్చిన పొద్దున్న ఆమె పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయింది. గిన్నె మాడింది. అతను సాయంత్రం వచ్చి గిన్నె చూసి ఏదో అనబోతే, "గిన్నె సంగతి తర్వాత, ముందు నా మాట విను" అంది.

"ఆ పెరళ్లన్నిట్లో కంపెనీ పరిచిన గడ్డి ఉందే, చాపలా చుట్టి లారీలో తెచ్చింది, దాన్ని ఒక్క పురుగైనా కొరకడం చూశావా నువ్వు?"

"లేదు."

"మరి! పచ్చగా ఉంటే సరిపోయిందా? చుట్టాల్ని పిలిచి ఖాళీ కంచాలు పెట్టినట్టుంది. ఈ నేలలో పుట్టినవాటికి ఈ నేలలో మొలిచిందే కావాలి. నువ్వు రోజూ పీకి పారేస్తున్నావు చూడు, అవన్నీ నాకు తెచ్చిపెట్టు."

తెచ్చిపెట్టాడు. రోజూ గోనెసంచిలో వేళ్ల మట్టి రాలకుండా తడిగుడ్డ చుట్టి తెచ్చేవాడు. తుమ్మి, వెంపలి, ఉత్తరేణి, గోడవారగా తంగేడు. ఆమె కుర్చీలోంచే పురమాయించేది, అతను నాటేవాడు. తుమ్మిపూల మీద తేనెటీగలు వాలాయి. తంగేడు మీద పసుపురంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టాయి. పురుగుల కోసం తొండలొచ్చాయి, కప్పలొచ్చాయి. ఈ ఏడాది రెండు వానలు పడ్డాక, వెనక బయలులోంచి ఒక పూరేడు పిట్ట గోడ మీదుగా ఎగిరొచ్చి వెంపలి పొద కింద గూడు కట్టుకుంది. మేస్త్రి వంగి చూసి ఏడు గుడ్లని చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసింది.

బాగానే ఉంది. కానీ బాగున్నదాన్ని బాగుండనిస్తే అవి క్వార్టర్లెందుకవుతాయి!

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు చిన్నవాడు. జేబులో ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు పెట్టుకుని, ప్రతి పెరట్లోనూ గొంతుక్కూచుని గడ్డి ఎత్తు కొలిచేవాడు. రెండు అంగుళాలు దాటకూడదు. జనం అతనికి స్కేలు బాబని పేరు పెట్టారు. యాభైతొమ్మిదో నంబరు పిన్ని, అంటే మేస్త్రి పక్కింటావిడ, తన పెరట్లోకి తొండ వచ్చిందని అతని దగ్గర మొరపెట్టుకుంది. నిరుడు పందికొక్కులొస్తున్నాయని గోల చేసి, మేస్త్రి పెరటి వెనక గోడలో నీళ్లు పోయే తూముని ఇటుకలతో మూయించింది కూడా ఈవిడే. గురువారం స్కేలు బాబు అరవయ్యో నంబరు పెరట్లో అడుగుపెట్టి స్కేలు తీశాడు. తంగేడు అతని భుజం దాటి ఉంది. స్కేలు తీసినట్టే తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఊళ్లో కలుపంతా నువ్వే పెంచుతున్నావా?"

"కలుపు కాదండీ, మా ఆవిడ..."

"చూడు, నేను కొత్తవాణ్ణి. పైవాళ్లు నన్నడుగుతారు. గడ్డి కోసేవాడి పెరడే ఇలా ఉంటే ఇంకెవరికి చెప్పగలను? సోమవారం పది గంటలకి వస్తా. నా ఎదురుగా కొయ్యి. కాదంటావా, కోయగలిగినవాణ్ణి ఈ ఇంట్లో పెడతాం."

మాట నెమ్మదిగానే అన్నాడు. నెమ్మదిగా అన్న మాటకి ఎదురు చెప్పడం ఇంకా కష్టం. మేస్త్రి తలూపాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అతను గుమ్మం వైపు చూడలేదు. చూడకపోయినా ఆమె అక్కడే ఉంది, అంతా విన్నది.

ఇక్కడ మేస్త్రి పని గురించి ఒక సంగతి చెప్పాలి. అతని కోతకి క్వార్టర్లలో పెద్ద పేరు. భుజానికి తగిలించుకునే మిషన్‌తో గోడ వెంట మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడిమికి వచ్చి ముగించేవాడు. దాన్ని అతను సుడికోత అనేవాడు. రాళ్లు లేచి కిటికీ అద్దాలకి తగలవు, కోసిన కసవంతా నడిమిలో ఒకే కుప్ప పడుతుంది, ఎత్తడం తేలిక. చూసేవాళ్లకి ముచ్చటేసేది. కానీ గోడ దగ్గర మిషన్ మోగగానే గడ్డిలో ఉన్న ప్రాణాలన్నీ చప్పుడుకి దూరంగా, నడిమికి జరుగుతాయి. ఇంకో చుట్టు తిరిగితే ఇంకాస్త జరుగుతాయి. నున్నగా కోసిన నేల మీదికి రావడానికి వాటికి భయం. అలా జరిగి జరిగి ఆఖరి చుట్టుకి అన్నీ ఒక గంపెడు గడ్డిలో చేరతాయి. అప్పుడు ఆఖరి చుట్టు తిరుగుతుంది.

ఆ కుప్పని మేస్త్రి ఎప్పుడూ ఇంకొకరి చేత ఎత్తించేవాడు కాదు. ఇంటికొచ్చే ముందు కుళాయి దగ్గర ఆగి బ్లేడు కడుక్కునేవాడు. పెళ్లైన కొత్తలో భార్య ఒకసారి, "అందులో పిట్టా పురుగూ ఉంటాయి కదా, వాటి గతేంటి?" అని అడిగింది. "చప్పుడుకి పారిపోతాయి" అన్నాడు. ఒకసారి నోట్లోంచి వచ్చిన మాట, మళ్లీ మార్చే సందర్భం రాలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు. పని తెలిసినవాడు చెప్పాక అడగడం దేనికి?

ఆదివారం సాయంత్రం ఆమె పెట్టిన కేకకి అతను చేతిలో గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"అవిగో అవిగో, నడుస్తున్నాయయ్యా!"

వెంపలి పొద కింద నుంచి పూరేడు మెడ చాచి అటూ ఇటూ చూసి అడుగేసింది. వెనకాల బొటనవేలంత లేని పిల్లలు, పుట్టిన పూటే కాళ్లొచ్చినవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడు. ఇంకోసారి లెక్కపెట్టింది. ఏడే. అంతలోనే ఆమె ముఖం మారిపోయింది.

"రేపు మిషన్ పెడితే ఇవేమైపోతాయి?"

"ఏమవుతాయి, పారిపోతాయి."

"ఎగరలేవుగా."

"కాళ్లున్నాయిగా."

"చుట్టూ గోడుందిగా!"

"నాకు చెప్తున్నావా నువ్వు? పందొమ్మిదేళ్లుగా చూస్తున్నా. వాటి దారి వాటికి తెలుసు."

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది. "పోన్లే, మొక్కలు పోతే పోయాయి. అవి బతికితే చాలు" అంది. ఆ ఒక్క మాటే అతన్ని పొడిచింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. పెద్ద దుర్మార్గుడేం కాదు, పిరికివాడు అంతే. పిరికివాడి చేత జరిగేది కూడా తక్కువేం కాదు.

సోమవారం పది కొట్టకముందే స్కేలు బాబు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. మేస్త్రి మిషన్ భుజాన తగిలించుకుని తాడు లాగాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని అతను ఆలోచించనే లేదు. కాళ్లే గోడ దగ్గరికి తీసుకెళ్లాయి. పందొమ్మిదేళ్ల అలవాటు మనిషి కంటే ముందు నడుస్తుంది.

మొదటి చుట్టులో ఉత్తరేణి పోయింది. జిల్లేడు తెల్లటి పాలు చిమ్ముతూ ఒరిగిపోయింది. రెండో చుట్టులో తంగేడు పడింది. పూలు పూలుగా పడింది. స్కేలు బాబు తల పంకించాడు. "అబ్బ, ఏం కోత మేస్త్రీ!" అన్నాడు. అంతలో పక్కగోడ మీంచి పిన్ని తల లేచింది.

"బాబూ, ఆ చెత్త సంగతి అతను చూసుకుంటాళ్లే గానీ, మా కుళాయి చూడు నాయనా, నెల్లాళ్ల నుంచి కారుతోంది."

"వస్తున్నానండీ. మేస్త్రీ, ఒంటిగంటకల్లా అయిపోవాలి. ఫోటో తీసి పైకి పంపాలి" అంటూ వెళ్లిపోయాడు.

మూడో చుట్టు. నాలుగో చుట్టు. నడిమిలో ఇంకా ఒక మంచం పరిచినంత మేర మిగిలింది. తుమ్మి, వెంపలి, కాస్త గరిక. గాలి లేదు. అయినా ఆ మొక్కల మొదళ్లు కదులుతున్నాయి. ఆ కదలిక ఏమిటో మేస్త్రికి బాగా తెలుసు. అతను ఎప్పటిలాగే తల పక్కకి తిప్పుకుని అయిదో చుట్టుకి బ్లేడు దించబోయాడు.

ఎదురుగా రెండు పాదాలు కనిపించాయి. చెప్పుల్లేని పాదాలు. ఒకటి నేల మీద పూర్తిగా ఆనింది, రెండోది వేళ్ల మీద ఆనింది.

మిషన్ ఆపేశాడు. ఆమె ఊతకర్ర పట్టుకుని తుమ్మిమొక్కల మధ్య నిలబడి ఉంది. రెండేళ్లుగా దిగని మూడు మెట్లూ ఎలా దిగిందో ఏమో, చీర కుచ్చిళ్లకి మట్టి, మోచెయ్యి గీసుకుపోయి ఉంది. రొప్పుతోంది.

"ఇవి పారిపోవట్లేదు" అంది.

అతను బ్లేడు నేలకి ఆనించాడు.

"లోపలికి వస్తున్నాయి. నువ్వు చుట్టూ తిరుగుతుంటే అన్నీ లోపలికే వస్తున్నాయి. అక్కణ్ణుంచి చూశాను. ఎప్పుడూ ఇలాగే కోస్తావా?"

"ఊఁ."

"పందొమ్మిదేళ్లూ?"

"ఇలాగే."

"నీకు తెలుసా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చివరికి, "తెలుసు" అన్నాడు.

"మరి నాకెందుకలా చెప్పావు?"

ఉన్నట్టుండి అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, దొరికినవాళ్ల మీద పడింది. "ఏం చెప్పమంటావు? ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ఇవాళ ఇన్ని చంపానని చెప్పనా? చెప్తే ఏం చేసేదానివి? ఉద్యోగం మానెయ్యమనేదానివా? మానేస్తే ఎక్కడికెళ్తాం, ఈ కాలుతో నిన్ను ఎక్కడికి తీసుకెళ్లను?"

"రోజూ సంచిలో మొక్కలు తెస్తుంటే ఎంత మంచివాడో అని మురిసిపోయా. రోజూ ఆ బ్లేడు ఎందుకు కడుగుతావో ఒక్కసారీ అడగలేదు. తప్పు నాది కూడాలే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

ఆమె కాళ్ల దగ్గర వెంపలి కదిలింది. పూరేడు తల ఒక్క క్షణం బయటికి వచ్చి లోపలికి పోయింది.

మేస్త్రి మిషన్ దించేశాడు. ఇంట్లోకి పోయి గునపం తెచ్చాడు. వెనక గోడ దగ్గర కూర్చుని, మూసేసిన తూముని ఒక్క పోటు పొడిచాడు. ఇటుక పెళ్లలు రాలాయి. నాలుగు పోట్లకి అవతలి బయలు కనిపించింది, ఎండు గడ్డి, దాని మీద ఎండ. కంపెనీ గోడకి కన్నం పెట్టడమంటే ఏమిటో అతనికి తెలియనిది కాదు. అయినా పొడుస్తూనే ఉన్నాడు.

గోడ మీద పిన్ని తల మళ్లీ లేచింది. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! కంపెనీ గోడరా అబ్బాయ్! పందికొక్కులొస్తాయని ఎంత గోల చేసి మూయించాను!"

"పిన్నీ, అరవకు" అంది మేస్త్రి భార్య. "ఇటు చూడు. నా కాళ్ల దగ్గర చూడు."

పిన్ని చూసింది. ఒక పిల్ల ఆమె పాదం పక్కన గట్టిగా కళ్లు మూసుకుని నేలకి అంటుకుపోయి ఉంది. పిన్ని నోట మాట రాలేదు. అలా జరగడం క్వార్టర్లలో అదే మొదటిసారి అనుకోవాలి.

"ఇంతింత ప్రాణాలా!" అంది చివరికి.

"ఆ బాబుని కాసేపు ఆపు పిన్నీ, నీకు పుణ్యముంటుంది."

"కాసేపేంటే అమ్మాయ్, సాయంత్రందాకా ఆపుతాను. మా ఇంట్లో ఊడిపోనిది ఏముంది గనక!" పిన్ని తల మాయమైంది. మరుక్షణం అవతల నుంచి తలుపు బందుల గురించీ, కారే కుళాయి గురించీ, మూసుకోని కిటికీ గురించీ ఒకటే వాన. నోరున్న మనిషి ఒక్కోసారి గోడ కంటే గట్టి అడ్డు.

నున్నటి నేల మీదికి అవి రావని మేస్త్రికి తెలుసు. అందుకని కోసి పడేసిన కసవునంతా చేతుల్తో లాగి, మిగిలిన పొదల నుంచి తూము దాకా గట్టులా పేర్చాడు. తంగేడు కొమ్మలు కింద, గరిక పైన, మధ్యలో పిట్ట దూరే సందు. తర్వాత భార్యని ఎత్తుకుని మెట్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు. ఒకరినొకరు ముట్టుకోలేదు.

ముందు ఒక తొండ పోయింది. తర్వాత కప్పలు, ఒకదాని వెనక ఒకటి. చాలాసేపటికి కసవులో గరగరమంది. తూము దగ్గర పూరేడు బయటపడి, అటూ ఇటూ చూసి, గోడ అవతలికి దూరి చిన్నగా పిలిచింది. పిల్లలు పరిగెత్తాయి.

"ఒకటి, రెండు..." ఆమె పెదాలు కదిలాయి. "అయిదు, ఆరు."

ఏడోది రాలేదు.

ఎదురుచూశారు. తల్లి ఇంకా రెండుసార్లు పిలిచింది. తర్వాత ఆ పిలుపు దూరమైంది. అంతలో పక్కింట్లోంచి, ఇంకో అరగంటలో వెళ్లాలంటున్న స్కేలు బాబు గొంతు వినపడింది. పిన్నికి కూడా ఊడిపోయినవన్నీ అయిపోయినట్టున్నాయి.

మిగిలిన ఆ మంచమంత మేరనీ మేస్త్రి మిషన్‌తో కోయలేదు. కొడవలి పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు పిడికెడు తడిమి కోశాడు. ఒక బద్ధకపు కప్ప దొరికితే తూములోకి తోశాడు. పిల్ల దొరకలేదు. గట్టు విప్పి కసవు సంచుల్లోకి ఎత్తుతుంటే, రెండో చుట్టులో పడిన తంగేడు కొమ్మ ఆకుల మధ్య అతని చెయ్యి ఆగింది. స్కేలు బాబు అప్పటికే ఇంటి పక్క సందులోకి వచ్చేశాడు. మేస్త్రి చెయ్యి చొక్కా జేబులోకి పోయి, ఖాళీగా బయటికి వచ్చింది. నిండిన సంచిని తీసుకెళ్లి తూముకి అడ్డంగా ఆనించాడు.

స్కేలు బాబు గొంతుక్కూచుని కొలిచాడు. ఫోటో తీశాడు. నిజంగానే సంతోషపడ్డాడు. "ఇదీ పెరడంటే! అమ్మగారు కూడా మెట్ల మీదికి వచ్చి కూచున్నారే, చూశావా మేస్త్రీ, శుభ్రంగా ఉంటే ప్రాణానికి ఎంత హాయో!" అన్నాడు. ఆమె అవునన్నట్టు తలూపింది. అతను వెళ్లిపోయాడు.

పెరడు బోడిగా ఉంది. వెనక గోడ మునుపటికంటే దగ్గరికి జరిగినట్టు కనిపించింది. మేస్త్రి వచ్చి రెండు మెట్లు కింద కూర్చున్నాడు. సంచి పక్క నుంచి తూములో కాస్త వెలుతురు కనిపిస్తోంది.

"ఆ కన్నం ఇంకొంచెం పెద్దది చేయలేకపోయావా?" అంది ఆమె. "మనమిద్దరం కూడా పట్టేవాళ్లం."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఏడోది ఏమైంది?"

పారిపోయింది. ఒక్క మాట. పందొమ్మిదేళ్లుగా అలవాటైన మాట, నాలుక చివరే ఉంది. అంటే ఆమె ఈసారి నమ్మకపోవచ్చు, నమ్మినట్టు ఉండవచ్చు కూడా. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి, దాన్ని తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇన్నేళ్లలో కోసినదాన్ని ఇంటికి తేవడం అదే మొదలు. దూదిలా ఉంది, ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

ఆమె వేళ్లు మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. అతనూ ఏడ్చాడు, చప్పుడు చేయకుండా, మోకాళ్ల మీద తల పెట్టుకుని.

"ఇవన్నీ మళ్లీ మొలుస్తాయా?" అంది.

"వేళ్లున్నాయిగా. ఇరవై రోజుల్లో జానెడు లేస్తాయి."

"మళ్లీ నువ్వే కొయ్యాలి కదూ?"

"నేనే."

"అవతల యాభైతొమ్మిది కూడా?"

"అవీ నేనే."

ఆమె అరచెయ్యి గుండెకి ఆనించుకుని, బోడి నేల నడిమి వైపు చూసింది.

"అయితే నడిమి నుంచి కొయ్యి" అంది.

అతను తలూపాడు. లేచి కుళాయి దగ్గరికి పోయి, ఆమె చూస్తుండగా బ్లేడు కడిగాడు.